తరుగు లేని రెండు వందల కిలోమీటర్లు

యాభై మూడేళ్ళ వయసులో రెండు వందల కిలోమీటర్లు సైకిలు తొక్కడానికి బయలుదేరిన ముగ్గురిలో నేనొకణ్ని. ఈ మాట చెబితే మా బడి పిల్లలు ఇప్పటికీ ముందు నా పొట్ట వైపు చూస్తారు, తర్వాత నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. ఆ పొట్టను వెంటబెట్టుకునే తొక్కాను, ఇంట్లో వదిలి వెళ్ళలేదు కదా.

మిగతా ఇద్దరిలో ఒకడు ఆర్మూర్ బజారులో కుట్టుమిషను పెట్టుకున్న టైలరు. ఇంకొకరు నందిపేట్ వైపు ఊళ్ళకు మందులపెట్టె మోసుకుంటూ తిరిగే నర్సమ్మ. మేం ముగ్గురం ఆ నందిపేట్ దారిలోని ఒకే ఊళ్ళో పుట్టాం. నాలుగోవాడు కూడా ఉన్నాడు. ఈ తొక్కుడంతా వాడి కోసమే. వాడు మార్కెట్ యార్డులో దడవాయి. అంటే రైతు తెచ్చిన సరుకును కాంటా మీద పెట్టి తూకం చెప్పేవాడు.

మా నలుగురి స్నేహం సైకిళ్ళ మీదే ముదిరింది. ఊరి నుంచి ఆర్మూర్ జూనియర్ కాలేజీకి పన్నెండు కిలోమీటర్లు. టైలరుకు వాళ్ళ అబ్బా సైకిలు, నర్సమ్మకు మేనమామ సైకిలు, దడవాయికి సొంత సైకిలు. నాకు ఏదీ లేదు. దడవాయి వెనక క్యారియర్ మీద కూర్చునే నా ఇంటర్మీడియట్ రెండేళ్ళూ గడిచాయి. పోను పన్నెండు, రాను పన్నెండు. ఎంత ఎత్తు వచ్చినా, ఎంత ఎదురుగాలి కొట్టినా ఒక్కరోజు కూడా నన్ను దిగమనలేదు వాడు.

ఆ దారిలో పసుపు ట్రాక్టర్లు, చెరుకు ట్రాక్టర్లు పోయేవి. కాలేజీ పిల్లలందరికీ ఒక అలవాటు ఉండేది. ట్రాక్టరు పక్కకు రాగానే ఒక చేత్తో ట్రాలీ పట్టుకుంటారు. ఇంక తొక్కే పని లేదు, ఊరే దగ్గరికి వచ్చేస్తుంది. టైలరు అందులో ఆరితేరినవాడు. నేను కూడా క్యారియర్ మీద నుంచి చెయ్యి చాచేవాణ్ని. దడవాయి వెనక్కి చూడకుండానే కనిపెట్టేవాడు.

"ఇడువ్‌రా! నా కాళ్ళున్నయిగద, గా ట్రాలీ ఎందుకు?"

"జరసేపురా. నీకు గూడ అల్కగ అయితది."

"నాకు అల్కగ వద్దు. ఇడుస్తవా, దించాల్నా?"

విడిచేవాణ్ని. రెండేళ్ళలో ఒక్కసారి కూడా ట్రాలీ సుఖం దక్కలేదు నాకు. ఆ కోరిక ముప్పై అయిదేళ్ళు లోపలే పడి ఉందని నాకు కూడా తెలియదు.

అలాంటివాడు దడవాయి అయ్యాడు. ఇక యార్డు ఎంత ఇబ్బంది పడి ఉంటుందో మీరే ఊహించుకోండి. మార్కెట్లో తరుగు అని ఒక ఆచారం ఉంది. పసుపులో తేమ ఉంది, మట్టి ఉంది, బస్తా బరువు ఉంది అంటూ తూగినదాంట్లోంచి కొంత కోసేస్తారు. రైతు గొణుగుతాడు, షావుకారు నవ్వుతాడు, చివరికి కోత పడనే పడుతుంది. మావాడు మాత్రం కాంటా ఎంత చూపిస్తే అంతే చెప్పేవాడు. "తరుగు గిరుగు మీరూ మీరూ చూస్కోండ్రి. నా నోట్లెకెళ్ళి రాదు" అనేవాడు.

అలాగని రైతు వైపు కూడా ఒరగడు. తూకం అయ్యాక ఏ ముసలమ్మో వచ్చి "కొసరు ఒక కొమ్ము ఎయ్యి బిడ్డా" అని కొంగు చాపితే, తన జేబులోంచి కొని ఇచ్చేవాడు గానీ రాశిలోంచి ఒక్క పసుపుకొమ్ము తీసేవాడు కాదు. కొసరు ఇవ్వడు, కొసరు అడగడు. కూరగాయల దగ్గర వాళ్ళావిడ ఒక కరివేపాకు రెబ్బ ఎక్కువ అడిగితే సిగ్గుపడి పది అడుగులు అవతలికి పోయి నిలబడేవాడు. నాకైతే ఈ నిష్ఠ చూస్తే ఒక్కోసారి ఒళ్ళు మండేది. మంచితనానికి కూడా ఒక హద్దుండాలి.

పోయిన వానాకాలం చివర, మొక్కజొన్న తూకాలప్పుడు, ఇనుప కాంటా అంచు వాడి కాలివేలికి తగిలింది. షుగరున్న ఒళ్ళు. "జర గీరుకుంది, గంతే" అంటూ పదిరోజులు అదే కాలితో యార్డంతా తిరిగాడు. నర్సమ్మ కంటపడి, ఆమె నాలుగు తిట్టి, ఆటో ఎక్కించి దవాఖానకు తీసుకుపోయేసరికి ఆలస్యమైపోయింది. ఎడమకాలు మోకాలి కింది నుంచి తీసేశారు.

ఇంటికి వచ్చినవాడు మళ్ళీ గడప దాటలేదు. చంకకర్రలు మూలకు చేరాయి. మేం వెళ్తే మాట్లాడేవాడు కాదు. ఒకరోజు వాళ్ళావిడ, మా వదిన, నన్ను వాకిట్లోకి పిలిచి మెల్లగా చెప్పింది.

"సారూ, పొద్దంత గోడకు మొకం పెట్టుకోనే కూసుంటుండు. మార్కెట్లకెళ్ళి లారీ హారన్ ఇనొస్తే కిటికీ మూస్తుండు. పసుపు సీజన్ వస్తుంది. ఈసారి కాంటా కాడ నిలబడకపోతే గా కాంటా ఇంకొకలకు పోతది. కాంటా పోతే నా మనిషి నాకు దక్కడు, సారూ."

ఆమె ఏడవలేదు. అందుకే నాకు ఇంకా భయమేసింది.

దడవాయి పని కూర్చుని చేసేది కాదు. యార్డులో ఈ రాశి దగ్గర నుంచి ఆ రాశి దగ్గరికి పొద్దంతా తిరగాలి. కిందంతా పసుపుకొమ్ములు దొర్లుతుంటాయి, రెండు కాళ్ళున్నవాళ్ళే జారిపడతారు. చంకకర్రలతో అయ్యే పని కాదది. మూడు గీరల, అంటే మూడు చక్రాల, బ్యాటరీ బండి ఒకటుంటే చాలు, రాజులా తిరగొచ్చు. చందాలు వేసి కొందామని మేం ముగ్గురం అనుకున్నాం. ఆ మాట వాడి ముందు ఎత్తడం మా తెలివితక్కువ. నాలుగు నెలల్లో మొదటిసారి గొంతెత్తి అరిచాడు.

"నన్ను దర్గా ముంగట బట్ట పరిచి కూసోబెడ్తరా? పోండ్రి, లేచి పోండ్రి!"

లేచి వచ్చేశాం. తిన్నగా యార్డులోని చాయ్ హోటల్లో పడ్డాం. అక్కడే ఉన్నాడు యార్డులో పసుపు కొనే మా షావుకారు. దడవాయి తూకాన్ని ఇరవై ఏళ్ళుగా తిట్టుకుంటూ, వేరే దడవాయిని మాత్రం తన రాశి దగ్గరికి రానివ్వని విచిత్రమైన మనిషి. టైలరు ఫోనులో ఏదో వీడియో పెట్టాడు. పట్నం పిల్లలు రంగురంగుల బట్టలేసుకుని, ఎవరి వైద్యానికో సాయం కోసమని వందల కిలోమీటర్లు సైకిళ్ళు తొక్కుతున్నారు. నాకు అసలే కడుపు మండి ఉంది.

"గిదేం గొప్ప? మేం గూడ తొక్కుతం" అన్నాను.

షావుకారు చాయ్ పొలమారేలా నవ్వాడు. "మీరా సారూ? మీరు డిచ్‌పల్లి దాక పోయొస్తే నేను కొబ్బరికాయ కొడ్త. రెండు దినాలల్ల రెండు వందల కిలోమీటర్లు తొక్కుండ్రి, మీ దోస్తుకు గా మూడు గీరల బండి నేనే కొనిస్త. పందెం!"

నోరు జారాక చేసేదేముంది. అక్కడి నుంచి మళ్ళీ దడవాయి ఇంటికే పోయాం. టైలరు సంగతంతా చెప్పాడు. గోడ వైపు తిరిగి ఉన్నవాడు మెల్లగా మా వైపు తిరిగాడు.

"గిది దానమా, పందెమా?"

"పందెమే" అంది నర్సమ్మ. "గెలిస్తేనే బండి, అన్నా. ఓడితే ఏం లేదు."

"పందెమైతే తీస్కుంట. గని తూకం సరిగ ఉండాలె. రెండు వందలంటే రెండు వందలు. నేనే చూస్త."

'నేనే చూస్త' అన్నాడు! ఆ మాట వినగానే తలుపు దగ్గర నిలబడిన వదిన చటుక్కున లోపలికి వెళ్ళిపోయింది. నాకు కూడా కళ్ళు చెమర్చాయి, దాచడమెందుకు.

తయారీ వారం రోజులు జరిగింది. నాకు మా బడి అటెండరు సైకిలు దొరికింది, నర్సమ్మకు ఆమె కూతురి లేడీస్ సైకిలు. టైలరు అబ్బా సైకిలు అటక మీద నుంచి దిగింది. వీడియోలో పిల్లలు వేసుకున్నలాంటి మెత్త ఉన్న ప్యాంట్లు మనకూ కావాలని టైలరు పట్టుబట్టాడు. "బజార్ల కొనుడెందుకు యార్, నా మిషన్ లేదా?" అని ఒక పాత బొంత విప్పి, ఆ దూది కూరి మూడు ప్యాంట్లు కుట్టాడు. వేసుకుని నడిస్తే ముగ్గురం బాతుల్లా ఉన్నాం. నర్సమ్మ అది చూసి, తనది మడిచి సంచిలో పెట్టి, చుడీదార్ మీదే తొక్కింది. ఆమె తెలివి మాకు ఎప్పుడూ ఆలస్యంగానే అర్థమవుతుంది.

మొదటి రోజు తెల్లవారుజామున చలికి ముక్కులు ఎర్రబడుతుంటే పోచంపాడ్ దారి పట్టాం. ఇరువైపులా పొలాల్లో పసుపు ఉడుకుతోంది. ఆ ఆవిరి వాసన పీల్చితే నాకు ఇప్పటికీ పరీక్షలు దగ్గరపడ్డట్టే ఉంటుంది, ఎందుకంటే మా చిన్నప్పుడు రెండూ ఒకేసారి వచ్చేవి. కళ్ళం దగ్గర పనిచేస్తున్న ఆడవాళ్ళు మమ్మల్ని ఆపి ఎక్కడికని అడిగారు. నర్సమ్మ చెప్పింది. వాళ్ళలో ఒకామె తను తినడానికి తెచ్చుకున్న జొన్నరొట్టె సగం విరిచి నా చేతిలో పెట్టింది. "దోస్తు కోసం తొక్కుతుండ్రా? తిను బిడ్డా, తిను. పొట్టున్నది గని బలం కనవడ్తలేదు" అంది. టైలరు నవ్వు ఆపుకోలేక సైకిలు దిగాడు.

పోచంపాడ్ దగ్గర వేడి వేడి చేపలు తిన్నాం. తినకుండా ఉండాల్సింది. గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి చేపలు కడుపులో ఈదడం మొదలుపెట్టాయి. అప్పుడే హెల్మెట్లు పెట్టుకున్న కుర్రాళ్ళు నలుగురు సన్నటి టైర్ల సైకిళ్ళ మీద జుయ్యిమని మమ్మల్ని దాటిపోతూ "ఆల్ ది బెస్ట్ అంకుల్!" అన్నారు. టైలరుకు రోషం వచ్చింది. పది నిమిషాలు వాళ్ళ వెంట పడ్డాడు. పదకొండో నిమిషంలో ఒక మైలురాయి మీద కూర్చుని దొరికాడు.

"ఏమాయె భాయ్, రేసయిపోయిందా?" అంది నర్సమ్మ.

"దూది ఒక్క దిక్కే పోయింది చెల్లె. బ్యాలెన్స్ తప్పింది" అన్నాడు చాలా గంభీరంగా.

నిర్మల్ ముట్టి, సాయంత్రానికి ఆర్మూర్ చేరాం. ఇంట్లోకి అడుగుపెట్టానో లేదో ఫోను మోగింది. దడవాయి.

"ఇయ్యాల ఎంత తూగింది?"

"నూట ఒకటి."

"కాళ్ళు?"

"ఉన్నయో లేవో తెలుస్తలేదు."

నేను అన్నదేమిటో అప్పుడు తట్టి నాలుక కరుచుకున్నాను. కానీ వాడు నవ్వాడు. నాలుగు నెలల తర్వాత విన్న నవ్వు అది. "నా లెక్కనే అయినవ్‌రా" అన్నాడు. ఆ రాత్రి నొప్పులతో నిద్ర పట్టకపోయినా సంతోషంగానే పడుకున్నాను.

రెండో రోజు డిచ్‌పల్లి, అటు నుంచి నిజామాబాద్, అక్కడి నుంచి నందిపేట్ మీదుగా ఇంటికి. డిచ్‌పల్లిలో షావుకారుకు ఫోను చేసి "కొబ్బరికాయ కొట్టుండ్రి" అని చెప్పాం. మధ్యాహ్నానికి నిజామాబాద్ దాటాం. నందిపేట్ వచ్చేసరికి నాలుగైంది. అప్పటికి టైలరు మోకాలు పట్టేసింది. నర్సమ్మ మందు రాసి, గుడ్డ కట్టి, "ఇంక పద్దెనిమిదే అన్నా" అంది. ఆ పద్దెనిమిది నాకు నూట ఎనభైలా వినిపించింది.

మా ఊరి దారికి వచ్చాం. చిన్నప్పటి అదే రోడ్డు, అదే మలుపులు. వెనక నుంచి ట్రాక్టరు చప్పుడు. పసుపు బస్తాలు ట్రాలీ అంచులు దాటి ఉబ్బి ఉన్నాయి, ఆర్మూర్ యార్డుకే పోతోంది. నెమ్మదిగా మా పక్కకు వచ్చింది.

నా చెయ్యి నన్ను అడగలేదు. ఒట్టేసి చెబుతున్నాను, అడగలేదు. అదే చాచుకుని పోయి ట్రాలీ అంచు పట్టుకుంది. ఒక్కసారిగా కాళ్ళలోని నొప్పంతా దిగిపోయింది. సైకిలు దానంతట అదే పోతోంది! నా వెనక టైలరు "వారెవ్వా!" అని అరిచి తానూ పట్టుకున్నాడు.

"అన్నా! సిగ్గున్నదా మీకు?" అని నర్సమ్మ వెనక నుంచి కేకలేసింది. అర నిమిషం గడిచింది. వెనక్కి చూస్తే ఆమె కూడా ఒక బస్తా మూతిని పట్టుకుని, పెదవులు బిగించి నవ్వు ఆపుకుంటోంది. డ్రైవరు వెనక్కి తిరిగి మమ్మల్ని చూసి, తల కొట్టుకుని, పాపం ఇంకొంచెం నెమ్మదిగా పోనిచ్చాడు. మేం పాత పాటలు పాడుకున్నాం. మా ఊరి ముందు నుంచి అలా ఊరేగింపుగా పోయాం. ముప్పై అయిదేళ్ళ కోరిక తీరింది నాకు, అంత సంతోషం ఈ మధ్యకాలంలో ఎరగను.

ఆర్మూర్ గుట్ట కనిపించగానే చేతులు విడిచాం. అప్పటికి ఎనిమిది కిలోమీటర్లు వచ్చాం. ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

"గీరలైతే తిరిగినయిగద" అన్నాడు టైలరు.

"దూరం దూరమే" అన్నాను నేను, లెక్కల మాస్టారి హోదాలో.

నర్సమ్మ బెల్లు కొట్టుకుంటూ ముందుకు పోయింది.

యార్డు గేటు దగ్గర డప్పులు మోగుతున్నాయి. హమాలీలు, రైతులు, చాయ్ హోటలువాళ్ళు అందరూ చేరారు. మా మెడల్లో బంతిపూల దండలు పడ్డాయి. మధ్యలో మూడు గీరల బండి, పసుపు కుంకుమ బొట్లు పెట్టుకుని, చక్రాల కింద నిమ్మకాయలతో పెళ్ళికూతురిలా నిలబడి ఉంది. పక్కన తాళంచెవి పట్టుకుని షావుకారు. ఇంకో పక్కన, తన పాత కాంటా దగ్గర, కుర్చీలో దడవాయి. 'తూకం నేనే చూస్త అన్నవ్ గద, చూద్దువు రా' అని వాడి మాటతోనే వాణ్ని కట్టి, వదిన ఆటోలో తీసుకొచ్చింది. వాడు తల ఎత్తడం లేదు. మడిచి కుట్టిన ప్యాంటు కాలు వైపు అందరూ చూస్తున్నారని వాడికి తెలుసు.

"ఎంత తూగింది సారూ?" అని అలాగే కిందికి చూస్తూ అడిగాడు.

"రెండు వందల మూడు!" అని దూరం లెక్కపెట్టే యాప్ తెరిచి ఫోను చూపించాను. చప్పట్లు, ఈలలు.

వాడు ఫోను తీసుకుని అంకె చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "చెయ్యి చూపియ్యి" అన్నాడు. నేను ఎడమచెయ్యి చాపాను. "గది కాదు. కుడిది."

చూపించాను. అరచెయ్యి నుంచి మోచేతి దాకా పచ్చగా ఉంది.

"యార్డుల పసుపు దుమ్ము పైనుంచి పడ్తది, పల్చగ ఉంటది" అన్నాడు, తూకం చెప్పే గొంతుతో. "గిది బస్తా పసుపు. రుద్దుకున్నది."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, టైలరు అప్పుడే గబగబా తన కుడిభుజం దులుపుకున్నాడు. పచ్చటి దుమ్ము లేచింది. జనం గొల్లుమన్నారు.

"ట్రాలీ ఎంత దూరం గుంజింది?"

"ఎనిమిది, అన్నా" అంది నర్సమ్మ తల దించుకుని.

"రెండు వందల మూడుల ఎనిమిది పోతే ఎంత సారూ?"

"నూట తొంభై అయిదు" అన్నాను. నా జీవితంలో ఒక తీసివేతకు అంత కష్టపడ్డది లేదు.

షావుకారు ముందుకు వచ్చాడు. నిజం చెప్పాలి, ఆ మనిషి మనసు ఆ పూట చాలా పెద్దది. "అయిదు కిలోమీటర్లేనాయె! పుట్టినకాన్నుంచి తరుగు తీస్తున్న, ఒక్కపారి నేనే తరుగు ఇచ్చిన అనుకో. పట్టు, తాళం పట్టు" అన్నాడు.

దడవాయి చెయ్యి చాచలేదు.

"నా కాంటల తరుగు లేదు సేట్. రైతు కాడ తియ్యనిది నా కోసమెట్ల తీస్కుంట?"

డప్పులు ఆగిపోయాయి. వదిన మొహంలో నెత్తురు చుక్క లేదు. తాళంచెవి షావుకారు చేతిలోనే ఉండిపోయింది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. సగం కోపం వాడి మీద, సగం నా పచ్చటి చెయ్యి మీద.

"కాలు పోయింది గని నీ మొండితనం ఒక్క ఇంచు తగ్గలేదుర!" అని అరిచేశాను. "రెండు దినాల సంది సస్తున్నం నీ కోసం. కూసునేటందుకు వస్తలేదు నాకు. గా బండి లేకపోతే మళ్ళ పోయి గోడకు మొకం పెడ్తవా? వదినను చూసినవా, ఎట్లయిందో?"

దండ తీసి కింద కొట్టాను. వాడు నేను చెప్పిందంతా విన్నాడు.

"కోపమెందుకుర" అన్నాడు నెమ్మదిగా. "అయిదే తక్కువున్నయి. తొక్కు."

అంత చిన్న విషయం అక్కడున్న ఒక్కరికీ తట్టలేదు! నర్సమ్మ అప్పటికే సైకిలు తిప్పుతోంది. టైలరు "యా అల్లా" అంటూ మోకాలు పట్టుకుని లేచాడు. నేను కూడా ఎక్కబోయి ఆగాను.

"మా ఫోను మీద నీకు నమ్మకం లేదుగద. నువ్వే రా. ఎక్కు" అని క్యారియర్ మీద చేత్తో కొట్టాను.

వాడి మొహం మారిపోయింది. చుట్టూ చూశాడు, అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయి. "వద్దుర. బరువైత" అన్నాడు.

"రెండేండ్లు నేను నీకు బరువు కాలేదా?"

"గప్పుడు నువ్వు నలభై కిలోలు లేవు" అన్నాడు.

"నువ్విప్పుడెంత?"

"అరవై రెండుంటి." వాడు తన మడిచిన ప్యాంటు కాలు మీద చెయ్యి పెట్టాడు. "దేవుడు తరుగు తీసిండు. ఇప్పుడు యాభై తొమ్మిది."

ఒక్కరూ నవ్వలేదు. తరుగు తీసిన తూకం వాడి నోట్లోంచి రావడం యార్డు ఎప్పుడూ వినలేదు. ముందు వాడే నవ్వాడు. తర్వాత వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆ తర్వాత డప్పులవాళ్ళను ఎవరూ ఆపలేకపోయారు.

ఇద్దరు హమాలీలు వాణ్ని బస్తాలా ఎత్తి నా వెనక కూర్చోబెట్టారు. వాడి చేతులు నా నడుము చుట్టూ వచ్చి ఆగాయి. "గీ పొట్ట ఎప్పుడు కట్టినవ్‌రా?" అన్నాడు. "ఫోన్ల రెండు వందల ఎనిమిది చూపియ్యాలె. గప్పుడు మన తూకం రెండు వందలైతది. పోనియ్యి."

పోనిచ్చాను. గేటు దాటి, బజారులోకి. దుకాణాలవాళ్ళు బయటికి వచ్చి నిలబడ్డారు. నాలుగు నెలలుగా కనబడనివాణ్ని పేరు పెట్టి పిలుస్తున్నారు, వాడు ఒక్కొక్కరికీ చెయ్యి ఊపుతున్నాడు. ముందు నర్సమ్మ బెల్లు కొడుతూ దారి చేస్తోంది, పక్కన టైలరు ఒంటి మోకాలితో తొక్కుతున్నాడు. గుట్ట వైపు ఎత్తు వచ్చింది. నా తొడలు వణికాయి, ఊపిరి ఈలలా వచ్చింది.

"దిగాల్నా?" అన్నాడు వెనక నుంచి.

"నోర్ముయ్" అన్నాను.

వెనక నుంచి ట్రాక్టరు ఒకటి మలుపు తిరిగి మా పక్కకే వచ్చింది. నేను దాని వైపు చూడనైనా లేదు. అయినా వీపు మీద ఒకటి పడింది. "చెయ్యి చాపకు!" నలుగురం రోడ్డు మీద పడీపడీ నవ్వాం. నవ్వుతూ తొక్కడం ఎంత కష్టమో మీకు చెప్పలేను.

పొద్దు గుంకేవేళకు మళ్ళీ యార్డు గేటు దగ్గరికి వచ్చాం. "ఆగు!" అన్నాడు దడవాయి. కాలు కింద పెట్టాను. వాడు ఫోను పైకెత్తి, ముప్పై ఏళ్ళుగా యార్డు వింటున్న గొంతుతో కేకేశాడు.

"రెండు వందలూ...!"

షావుకారు పరుగున వచ్చి తాళంచెవి చాచాడు. వాడు తీసుకోలేదు. ఇంకా ఏం తక్కువైందిరా భగవంతుడా అనుకున్నాను. వెనక నుంచి వాడు నా చెవి దగ్గరికి వంగాడు. వాడి గొంతు అంత మెత్తగా ఎప్పుడూ వినలేదు నేను.

"ఇంకో సుట్టు ఎయ్యరా."

"ఎందుకు? సరిగ రెండు వందలైనయిగద?"

"అయినయి" అన్నాడు. "గిది కొసరు."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వాడు ఎవరినైనా కొసరు అడగడం నేను చూసింది అదొక్కసారే. సైకిలు తిప్పాను.